కదురు మీది నూలు

మా తెలుగు సంఘం హాలు వెనక ఉన్న చిన్న గదిని మ్యూజియంగా చేద్దామని పెద్దలు అనుకున్నది ఎనభైల మొదట్లో. ఇక్కడి ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు అప్పటికి రిటైరవుతున్నారు. వాళ్లతోపాటు రైలెక్కి వచ్చిన సామాన్లు క్వార్టర్ల వెనక తుప్పు పట్టిపోతున్నాయి. వాటన్నిటినీ ఒకచోట పెడితే, ఇక్కడే పుట్టి హిందీలో పెరుగుతున్న మా బోటి పిల్లలకి కాస్త తెలుస్తుందని వాళ్ల ఆశ. ఒకరు తిరగలి ఇచ్చారు. ఒకరు రైల్లో మూతి పగిలిన ఆవకాయ జాడీ ఇచ్చారు. సొంతూరి స్టేషను పేరు తెల్లరంగుతో రాసిన రేకుపెట్టె వచ్చింది, ఎవరో షిఫ్టులకి తొక్కి తొక్కి అరగదీసిన సైకిలు వచ్చింది. మా ఇంట్లోంచి వెళ్లింది మామ్మ రాట్నం.

మామ్మది పొందూరు దగ్గర పల్లె. తాతయ్య పోయాక నాన్న ఆవిణ్ణి సెక్టర్ 6లోని మా క్వార్టరుకి తీసుకొచ్చాడు. దారంతా రాట్నాన్ని కాళ్ల దగ్గర పెట్టుకుని వచ్చిందట. దాంతోపాటు గుడ్డలో చుట్టిన వాలుగ చేప దవడ ఎముక కూడా తెచ్చుకుంది. దాని సన్నటి పళ్లతో కొండపత్తిని దువ్వి, శుభ్రం చేసి, ఏకులు చుట్టి వడకడం వాళ్ల ఊరి పని. పత్తి ఇక్కడ దొరికేది కాదు. సెలవుకి ఊరెళ్లినప్పుడల్లా నాన్న ఒక సంచీడు మోసుకొచ్చేవాడు.

ఆ వచ్చిన కొత్తలో మామ్మకి మాట్లాడే మనిషి లేదు. నాన్నకి షిఫ్టులు, అమ్మకి ఇంటిపని. నేను చిన్నదాన్ని. అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది, అప్పటికి హైస్కూల్లో ఉంది. దానికి తెలుగు అర్థమయ్యేది కానీ నోరు తిరిగేది కాదు. మామ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. ఒక మధ్యాహ్నం అక్క స్కూలు నుంచి వచ్చి, సైకిలు వరండాలో ఆనించి, మామ్మ చేతిలోని ఎముకని వింతగా చూసి, నిజంగా చేపదేనా అని హిందీలో అడిగింది.

"మామ్మా, యే సచ్ మే మచ్లీ కా హై?"

"ఏటే గుంటా అంతన్నావు? నీ మాట నాకు తెలవదు, నా మాట నీకు తెలవదు. రా, కూకో. సెయ్యి ఇలాగివ్వు."

అలా మొదలైంది. మామ్మ దాని వేళ్ల మధ్య ఏకు పెట్టి, ఎడం చెయ్యి ఎంత దూరం లాగాలో పట్టి చూపించేది. దారం తెగినప్పుడల్లా అక్క "టూట్ గయా మామ్మా" అనేది. కొన్నాళ్లకి మామ్మకి వచ్చిన మొదటి హిందీ మాట అదే అయింది. వంటింట్లోంచి అమ్మ వింటుండగా "మల్లా టూట్ గయానా?" అని అడిగేది, అక్క పకపకా నవ్వేది. రాట్నం చప్పుడూ, ఆ నవ్వూ మా ఇంటి మధ్యాహ్నాలు.

తను వడికిన నూలుతోనే ఓణీ నేయించుకోవాలని అక్కకి కోరిక పుట్టింది. మామ్మ నూలు వెంట్రుకలా ఉండేది. అక్కది ఒకచోట లావు, ఒకచోట సన్నం, మధ్యలో ఉండలు. "ఈ నూలుతో నేస్తే ఓణీ కాదే, గోనె సంచవుద్ది" అని మామ్మ వేళాకోళం చేసేది. అయినా కదురు మీద అక్క నూలు చుట్టి ఉన్నంతకాలం తను రాట్నం ముట్టుకునేది కాదు. "అది దాని కదురు. దాన్నే నింపనీ" అనేది.

అది నిండలేదు. ఆ వానాకాలం అక్కకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. మూడోనాటికి మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. మెదడువాపన్నారు. నాన్న ఆసుపత్రి నుంచి తిరిగొచ్చినప్పుడు ఆయన చేతిలో అక్క చెప్పులు ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. అమ్మ లేచి వెళ్లి ఆ చెప్పులు అందుకుంది. అప్పుడు ఎవరూ ఏడవలేదు. తర్వాత అమ్మ అరిచిన అరుపుకి పక్క క్వార్టర్ల వాళ్లు పరిగెత్తుకొచ్చారు.

ఆ తర్వాత మా ఇంట్లో అక్క పేరు పలకడం ఆగిపోయింది. ఆపమని ఎవరూ చెప్పలేదు. దాని పుస్తకాలు, బట్టలు, సైకిలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. రాట్నం మాత్రం ముందుగదిలో మామ్మ మంచం పక్కనే ఉండిపోయింది, కదురు మీద సగం నూలుతో. మామ్మ దాని ముందు కూర్చునేది కానీ తిప్పేది కాదు. రోజూ పైన దుమ్ము తుడిచేది, నూలు జోలికి వెళ్లకుండా. అమ్మ ఆ గదిలోంచి నడిచేటప్పుడు ముఖం గోడవైపు తిప్పుకునేది. ఏళ్లు గడిచినా అదే పద్ధతి.

మ్యూజియం పని నెత్తిన వేసుకున్నది సంఘం కార్యదర్శి. ప్లాంటుకి సున్నపురాయి పంపే నందిని గనుల కాలనీ నుంచి బదిలీ మీద మా సెక్టరుకి కొత్తగా వచ్చినాయన. మనిషి చాలా మంచివాడు. ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి పాత వస్తువులు అడిగేవాడు. మా ఇంటికొచ్చి రాట్నం చూసి ముచ్చటపడిపోయాడు.

"మామ్మగారూ, ఇలాంటిది ఈ ఊళ్లో ఇంకెక్కడా లేదండి. మ్యూజియానికి ఇప్పించండి. కళ్లల్లో పెట్టుకు చూసుకుంటాం."

 మామ్మకంటే ముందు అమ్మే గడప దగ్గర నిలబడి, ఎటో చూస్తూ, "ఇచ్చీ అత్తా. అక్కడ నలుగురూ సూస్తారు" అంది.  మామ్మ అమ్మ ముఖంలోకి కాసేపు చూసింది. కోడలు ఆ గదిలోంచి ఎలా నడుస్తోందో ఆవిడకి తెలియకపోలేదు.

"తీసుకెల్లు బాబూ. జాగర్త" అంది.

నూలు సంగతి చెప్పలేదు. చెబితే ఎవరి నూలో చెప్పాలి. అమ్మ అక్కడే ఉంది.

ప్రారంభోత్సవం ఒక ఆదివారం పొద్దున. అమ్మ పట్టుచీర కట్టుకుంది. మామ్మ నా భుజం పట్టుకుని నడిచింది. గది గోడలకి కొత్త సున్నం, గుమ్మానికి మామిడాకులు. రాట్నం నడిమధ్య బల్ల మీద ఉంది. చెక్కకి నూనె పట్టించి మెరిసేట్టు చేశారు. పక్కన అట్టముక్క మీద తెలుగులోనూ హిందీలోనూ మామ్మ పేరు. కదురు మీద తెల్లగా, నున్నగా, కుట్టు మిషను దారం చుట్టి ఉంది.

మామ్మ చెయ్యి చాచి ఆ దారాన్ని వేలితో తాకింది. చెయ్యి వెనక్కి తీసుకుని చీర కొంగులో దాచుకుంది.

అమ్మే అడిగింది. "అన్నయ్యగారూ, దీని మీద నూలుండాలి కదండీ?"

"అదా చెల్లెమ్మా, మాసిపోయి, ముడులు పడిపోయి ఉందమ్మా. పొద్దున్న మా కుర్రాళ్లు చెత్తతోపాటు తీసేశారు. నేనే కొత్తది చుట్టాను. బాగుంది కదా?"

"బాగుందండీ" అంది అమ్మ.

జనం ఆ షిఫ్టుల సైకిలు దగ్గర గుమిగూడారు. అమ్మ కనిపించకపోతే వెతుక్కుంటూ వెనకవైపు వెళ్లాను. ప్రహరీ మూల ఆకులూ కాగితాలూ కాల్చిన కుప్ప ఉంది, ఇంకా సన్నగా పొగ వస్తోంది. అమ్మ పట్టుచీరతో అక్కడ గొంతుక్కూర్చుని రెండు చేతులతో బూడిద తీస్తోంది. కాలుతోందేమో కూడా చూసుకోవడం లేదు. దొరికిన ప్రతి నల్లటి పోగునీ వేళ్లతో పట్టుకుంటోంది, అది పొడైపోతోంది.

"అమ్మా" అన్నాను. వినిపించుకోలేదు.

నా వెనకే మామ్మ వచ్చింది. వంగలేని మనిషి, నెమ్మదిగా నేల మీద చతికిలబడి అమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"లే అమ్మా. ఇంకుండదు."

"నానే కదత్తా పంపించీమన్నాను. నానే కదా."

"నివ్వు దాన్ని సూడలేకపోనావు. నాను సూడకుండా ఉండలేకపోనాను. ఏటి సేత్తాం సెప్పు."

అమ్మ మామ్మ ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. అక్క పోయినప్పటి అరుపులా కాదు, చప్పుడు లేకుండా, చాలాసేపు. మామ్మ కొంగుతో ఆ చేతుల మసి తుడుస్తూ కూర్చుంది. లోపల ఎవరో ఉపన్యాసం చదువుతున్నారు. చప్పట్లు వినిపించాయి.

ఆ రోజు జరిగింది కార్యదర్శిగారికి మేమెవరమూ చెప్పలేదు. మరుసటి చలికాలం మామ్మ పోయింది. చివరి రోజుల్లో ఆవిడ నన్ను అక్క పేరుతో పిలిచేది. మేం సరిదిద్దలేదు, నేనూ పలికేదాన్ని.

మామ్మ పెద్దకర్మ అయ్యాక ఒక ఆదివారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని మ్యూజియానికి వెళ్లింది. కార్యదర్శిగారు స్కూలు పిల్లలకి రాట్నం చూపిస్తూ, దీని మీద ఒక మామ్మగారు వడికేవారని హిందీలో చెబుతున్నారు. పిల్లలు వెళ్లేదాకా అమ్మ ఆగింది.

"మా పెద్దమ్మాయి కూడా దీని మీద ఒడికేదండీ."

ఆయన తెల్లబోయాడు. "మీకు ఈ పాప ఒక్కతే అనుకున్నానమ్మా."

"ఇంకో పిల్ల ఉండేది. ఓణీ నేయించుకుంటానని ఒడికేది. కొంచెమే ఒడికింది."

 ఆయన కాసేపు రాట్నం వైపు చూశాడు, కదురు వైపు చూశాడు. ఏమర్థమైందో నాకు తెలియదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "మామ్మగారి పేరు కింద ఆ పాప పేరు కూడా రాయనా చెల్లెమ్మా?" అన్నాడు.

అమ్మ తలూపింది. ఆయన కలం తీసి అట్టముక్క మీద వంగాడు. అమ్మ ఒక్కో అక్షరం చెప్పడం మొదలుపెట్టింది. ఆ పేరు అమ్మ నోట విని ఎన్నో ఏళ్లయింది. చివరి అక్షరం దగ్గర ఆగిపోయింది. అది నేను చెప్పాను.