త్రివేణి బండి కరెంటు

త్రివేణి కారు నడుపుతుందంటే నర్సంపేట దగ్గరున్న ఆమె పుట్టింటివాళ్ళు చాలా కాలం నమ్మలేదు. సైకిలు కూడా తొక్కని పిల్ల కారేం నడుపుతుందని వాళ్ళన్న నవ్వేవాడు. పెళ్ళయి నాచారం వచ్చిన కొత్తలో అడిగి ఉంటే ఆమె కూడా ఆ మాటే అనేది. భర్త ఉపేందర్ పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేస్తాడు. ఆమె ఆ దగ్గరలోనే చొక్కాలు కుట్టే కంపెనీలో చేరింది. ఆమె వంతుకు కాలర్లు. పొద్దస్తమానం కాలర్లే. ఏ కాలరు ఏ చొక్కాకు పోయిందో చూసే తీరిక ఉండేది కాదు. ఆ కంపెనీ మూతపడ్డాక, ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పుతున్నారని ఎవరో చెబితే, ఇంట్లో ఊరికే కూర్చోలేక పోయి చేరింది. కుట్టుమిషను తొక్కిన కాలికి బ్రేకు అలవాటు కావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

ఇప్పుడు ఆమెకు సొంతంగా ఎలక్ట్రిక్ కారుంది. పొద్దున్నే ఉప్పల్, పీర్జాదిగూడ, అన్నోజిగూడల్లో ఆఫీసు అమ్మాయిలను ఎక్కించుకుని ఘట్‌కేసర్ అవతల దించి వస్తుంది. సాయంత్రం మళ్ళీ వాళ్ళను ఇళ్ళకు చేరుస్తుంది. మధ్యలో ఇంటికొచ్చి, మెట్ల కింద బండిని చార్జింగుకు పెట్టి, అత్త సారలమ్మతో కలిసి అన్నం తింటుంది.

వాళ్ళు ఉండేది మేడ మీద. కింది వాటాలో సంజీవరావు, ఆయన భార్య గ్రేస్ ఉండేవారు. సంజీవరావు మందుల ఫ్యాక్టరీలో స్టోర్సు చూసి రిటైరైన మనిషి. ఆ ఇంటి గేటు ఇరుకు, బండిని రివర్సులోనే లోపలికి పెట్టాలి. ఒక పక్క నీళ్ళ సంపు గట్టు, ఇంకో పక్క కరెంటు మీటర్ల గోడ. కారు కొన్న మొదటి వారంలోనే త్రివేణి బండి పక్క అద్దం ఒకటి గీరుకుపోయింది. ఆ మరునాటి నుంచి, బండి సందు మొదట్లో కనబడగానే సంజీవరావు చదువుతున్న బైబిలు పక్కన పెట్టి బయటికొచ్చేవాడు. లుంగీ ఎగ్గట్టి, చెయ్యెత్తి, "రానీ... రానీ... జర ఎడమకు... బస్!" అనేవాడు. ఆయన 'బస్' అన్నాక ఇక వెనక్కి చూసుకోవాల్సిన పని ఉండేది కాదు.

పోయిన మే నెలలో ఒకరోజు ఆమె పొద్దుటి ట్రిప్పు ముగించుకుని వచ్చేసరికి గేటు ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. టిఫిను తిని కుర్చీలో ఒరిగిన సంజీవరావు మళ్ళీ కళ్ళు తెరవలేదు. డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిందని చెప్పి వెళ్ళాడట. గ్రేస్ ఏడవడం లేదు. భర్త చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది.

"నిద్రల పోయినట్టే పోయిండు త్రివేణీ," అంది. "ప్రభువు పిలుచుకున్నడు."

వాళ్ళకు ఒక్కతే కూతురు, దోర్కా. నాగపూర్‌లో పెద్ద దవాఖానాలో నర్సు. ఫోనులో ఆ పిల్ల ఒకటే మాట అడిగింది. "అమ్మా, నేను వచ్చేదాకా ఉంచున్రి. రేపు పొద్దుగాల్ల దిగుత. నాయినను సూడకుండ పంపొద్దు."

సంఘం పెద్దలు ఫ్రీజర్ పెట్టె తెప్పించారు. సంజీవరావును తెల్లబట్టలతో అందులో పడుకోబెట్టారు. పెట్టె సన్నగా రొద పెడుతూ చల్లబడింది. పాస్టరు గారొచ్చి ప్రార్థన చేసి, మరునాడు మధ్యాహ్నం సమాధి కార్యక్రమమని చెప్పి వెళ్ళారు.

భోజనాల వేళ దాటాక ఆకాశం నల్లబడింది. చూస్తుండగానే గాలిదుమారం లేచింది. ఎదురింటి రేకులు ఎగిరి రోడ్డు మీద పడ్డాయి, వెనకే రాళ్ళవాన. సందు చివర పెద్ద చప్పుడై ఫ్యాన్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. పెట్టె రొద కూడా ఆగింది. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని ఆ రొద లేకపోయేసరికి గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వాన తగ్గాక లైన్‌మన్ వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "చెట్టు వడి తీగలు తెగినయ్. ట్రాన్స్‌ఫార్మర్ గూడ కాలింది. రేపటిదాకా ఆశ పెట్టుకోకున్రి."

పెట్టె ఇచ్చినతనికి ఫోను చేస్తే, ఊరంతా ఇదే గోల, జనరేటర్లన్నీ వెళ్ళిపోయాయన్నాడు. మూత తియ్యకుండా ఉంచితే కొన్ని గంటలు చల్లగానే ఉంటుందని, ఆ తర్వాత మంచుగడ్డలే దిక్కని చెప్పాడు. గ్రేస్ ఇంట్లో ఇన్వర్టరు ఉంది గానీ, రెండు ఫ్యాన్లకే ఆపసోపాలు పడే ముసలిది. సంఘం పెద్దల్లో ఒకాయన మెల్లగా, "ఇయ్యాల్నే చేసేద్దామా అమ్మా? ఎండకాలం గద," అన్నాడు. గ్రేస్ ఆయన వైపు చూసింది. ఆ చూపు గుమ్మంలో నిలబడ్డ త్రివేణికి కూడా తగిలింది.

అప్పుడామెకు మేడారం గుర్తొచ్చింది. జాతరకు వెళ్ళినప్పుడు వాగు ఒడ్డున గుడారం వేసుకుని, కారుతో పాటు ఇచ్చిన అడాప్టరు చార్జింగు రంధ్రానికి తగిలించి, దానికి వైరు కలిపి రైస్ కుక్కరు పెట్టారు, లైటు వేసుకున్నారు. బండికి కరెంటు ఎక్కించడమే కాదు, బండిలోంచి కరెంటు తీసుకోవచ్చని పక్క గుడారాల వాళ్ళు వింతగా వచ్చి చూశారు. కుక్కరు నడిచిందంటే ఈ పెట్టె కూడా నడుస్తుంది.

అడాప్టరు కోసం మేడెక్కింది. సజ్జ మీద వెతుకుతుంటే సారలమ్మ వెనకే వచ్చింది.

"ఏంది బిడ్డా, ఏం తీస్తున్నవ్?"

సంగతి చెప్పింది. సారలమ్మ మొహం మారింది.

"కొత్త బండి. మొన్ననే జాతరకు పోంగ గట్టమ్మ గుడికాడ కొబ్బరికాయ గొట్టినం. తీస్కపోయి పీనుగ పెట్టెకు తగిలిస్తవా? ఎల్లుండి అండ్లనే ఆడపిల్లల్ని ఎక్కించుకుంటవ్. ఎవలన్న ఇంటే ఏమంటరు?"

"ఎవలో ఏందో అంటరని గా పిల్లకు నాయిన మొకం లేకుండ చెయ్యాల్నా అత్తమ్మా?"

సారలమ్మ మంచం అంచున కూర్చుంది. కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"నన్ను గన్న అవ్వ పోయింది గూడ గిసొంటి ఎండలనే," అంది. "నేను బస్సు దిగి ఉరికేవరకు ఎత్తుకపోయిన్రు. ఉండదన్నరు, ఏం జెయ్యాలె అన్నరు. పొగనే సూసిన." లేచి తనే స్టూలు ఎక్కి, సజ్జ లోపలి నుంచి అడాప్టరు సంచి లాగింది. "పో. పని అయినంక పసుపునీళ్ళు సల్లుకుందాం. అంతే."

ఇంకో చిక్కుంది. చావింటి హడావిడిలో బండిని ఆలస్యంగా చార్జింగుకు పెడితే, కాసేపటికే కరెంటు పోయింది. తగిలించి చూస్తే పెట్టె నడిచింది గానీ, బ్యాటరీ ఒక హద్దుకు దిగితే బండి తనంతట తనే సరఫరా ఆపేస్తుంది. రాత్రంతా రాదు. త్రివేణి వైరు తీసేసి, "మూత ముట్టకున్రి ఆంటీ, గంటల వస్త," అని గ్రేస్‌తో చెప్పి ఉప్పల్ దారి పట్టింది.

రోడ్డంతా కొమ్మలూ ఆకులూ. ఉప్పల్‌లో మెట్రో వైపు కరెంటు ఉంది. అక్కడి చార్జింగ్ పాయింటు దగ్గర క్యాబులన్నీ బారు తీరి ఉన్నాయి. నాచారం, మల్లాపూర్ బండ్లన్నీ అక్కడికే వచ్చినట్టున్నాయి. చివర ఆగి, దిగి, ఏం చెప్పాలో తెలియక నిలబడింది. ముందు వరసలోంచి మహిపాల్ చూశాడు. భువనగిరి అతను, రోజూ అక్కడే కలిసే క్యాబు డ్రైవరు.

"ఏందక్కా, గట్ల నిలవడ్డవ్?"

చెప్పింది. అతను మొత్తం విన్నాడు. వెంటనే పోయి తన బండికి పెట్టిన తుపాకీ పీకేశాడు. డ్రైవర్లు చార్జింగు ప్లగ్గును తుపాకీ అనే అంటారు.

"నువ్వు పెట్టుకో."

"నీ సవారీలు తమ్మీ?"

"సవారీలు యాడియి? చెట్లు వడి ఎవడూ బుక్ చేస్తలేడు. నీ ఆఫీసు పొల్లల్ని ఇయ్యాల, రేపు నేను దించుత. ఘట్‌కేసర్ పోయి వచ్చేటంత చార్జింగు ఉంది నాకు. వాళ్ళ నెంబర్లు పంపు." వెనక బండివాడు హారను కొడితే మహిపాల్ అటు తిరిగి రెండు ముక్కలు చెప్పాడు. హారను ఆగిపోయింది. ఆ డ్రైవరే దిగి వచ్చి, తన నీళ్ళ సీసా త్రివేణి చేతికిచ్చాడు.

బ్యాటరీ నిండగానే బయలుదేరింది. చీకటి పడకముందే సందులోకి వచ్చింది. గేటు ముందు అలవాటు కొద్దీ బండి ఆపి అద్దంలో చూసింది. చూసిన తర్వాత గానీ ఎవరి కోసం చూసిందో తట్టలేదు.  పొద్దుట్నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. స్టీరింగు మీద తల వాల్చి కాసేపు ఏడ్చింది.

అద్దం మీద ఎవరో తట్టారు. సారలమ్మ.

"కండ్లు తుడుసుకో. నేను జెప్త, రా," అంటూ వెనక్కి పోయి రెండు చేతులూ ఎత్తింది. "రా... రా... ఇటు... కాదు, అటు... ఓయమ్మా, ఏ దిక్కో నాకేం ఎరుక, నువ్వే సూసుకొని రా!"

ఏడుస్తున్న త్రివేణికి నవ్వొచ్చింది. మెల్లగా, గట్టుకు తగలకుండా బండి లోపల పెట్టింది.

కిటికీ ఊచల్లోంచి వైరు లోపలికి తీసుకుని పెట్టెకు కలిపారు. చిన్నగా టక్కుమని, మళ్ళీ రొద మొదలైంది. గ్రేస్ కొంగుతో పెట్టె అద్దం మీది చెమ్మ తుడిచి, భర్త మొహం చూసుకుని, అప్పుడు మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ఆడవాళ్ళు ఆమెను ఒళ్ళోకి తీసుకున్నారు.

బండిలోంచి కరెంటు వస్తోందని తెలిసి సందులోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఫోన్లు పెట్టుకుంటామంటే త్రివేణి సరేనంది. పక్కింటి బాలింత పసిదాని కోసం ఒక ఫ్యాను అడిగింది, దానికీ వైరు లాగింది. ఒకాయన నీళ్ళ మోటరు వేసుకుంటానంటే మాత్రం, "అది వద్దన్నా, బండి తట్టుకోదు. పెద్దాయన పెట్టె ఆగొద్దు," అని చెప్పింది. ఆయన బిందె తెచ్చుకుని సంపులోంచి చేదుకున్నాడు.

ఆ రాత్రి కొవ్వొత్తుల వెలుగులో కింది వాటాలో కీర్తనలు పాడారు. పాటలు తెలియని సారలమ్మ గ్రేస్ పక్కన కూర్చుని, ఆమె వీపు నిమురుతూనే ఉంది. షిఫ్టు నుంచి వచ్చిన ఉపేందర్ కారు దగ్గర కుర్చీ వేసుకుని, బ్యాటరీ ఎంతుందో చూసి వచ్చి చెబుతూ తెల్లవార్చాడు. అనుకున్నదానికన్నా చాలా తక్కువే ఖర్చయింది.

మరునాడు పొద్దున దోర్కా ఆటో దిగింది. భుజాన బ్యాగు అలాగే ఉంచి లోపలికి నడిచింది. పెట్టె అద్దం మీద అరచెయ్యి ఆనించి తండ్రిని చూస్తూ చాలాసేపు నిలబడింది.

"కరెంటు పోయిందని అమ్మ చెప్పినప్పటి సంది భయమే," అంది త్రివేణితో తర్వాత. "దవాఖానాల సూస్తనే ఉంట గద అక్కా, ఎండకాలం ఎట్లయితదో. గుర్తుపట్టరానట్టు ఉంటడేమో అనుకుంట వచ్చిన. నిన్న పండుకొని ఇంక లేవనట్టే ఉన్నడు." అని త్రివేణి చెయ్యి పట్టుకుంది. 

మధ్యాహ్నం సమాధుల తోటకు గ్రేస్‌నూ దోర్కానూ త్రివేణే తన బండిలో తీసుకెళ్ళింది. సారలమ్మ ముందు సీట్లో కూర్చుంది. పసుపునీళ్ళ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వాళ్ళు తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చి ఉంది. మనుషులు లేని ఇంట్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి.

కొన్నాళ్ళకు సంజీవరావు జ్ఞాపకార్థం ఆదరణ కూటం పెట్టారు. డాబా పైన షామియానా, కింద వంటలు. త్రివేణి వాళ్ళు ముగ్గురూ వెళ్ళారు. పాస్టరు గారు ప్రార్థనలో సంజీవరావు పేరు, గ్రేస్ పేరు, దోర్కా పేరు చెప్పి, తర్వాత "మా సహోదరి త్రివేణి" అన్నారు. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు కాబట్టి సరిపోయింది గానీ, మొహమాటంతో ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వడ్డన మొదలుకాగానే గ్రేస్ ముందుగా ఆమెకే విస్తరి వేసింది. అమ్మాయిలు ఆఫీసు నుంచి దిగే వేళవుతోంది. త్రివేణి గబగబా నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, దోర్కాకు వెళ్ళొస్తానని చెప్పి ఘట్‌కేసర్ బయలుదేరింది.