సిలువ కింద పసుపు

ఆర్మూరులో మా చర్చి చిన్నది. రేకుల కప్పు, ఎదురు గోడకు ఒక టేకు సిలువ. పాస్టర్‌గా నాకు అదే మొదటి చోటు. అంతకుముందు వేదాంత కళాశాలలో నేను రాసిన పరిశోధనంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఏసు పుట్టింది ఆసియాలోనే కదా, మనకెందుకు పడమటి దొరలా కనిపించాలి? మన గురువుల్లా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోకూడదా? మా అధ్యాపకులు చాలా మెచ్చుకున్నారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం చర్చిలోకి వెళ్లేసరికి ఒకామె సిలువ ముందు కూర్చుని ఉంది. వేల్పూర్ వైపు పసుపు పండించే కుటుంబం. భర్తకు కాలేయం చెడిపోయి నిజామాబాద్ దవాఖానలో ఉన్నాడు. ఇక్కడ ప్రార్థన చేస్తారని ఎవరో చెబితే వచ్చింది. సిలువ అడుగున పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది.

నన్ను చూసి లేచి నిలబడింది.

"మా ఇంట్ల ఏ దేవుణ్ణి తెచ్చుకున్నా ముందుగాల పసుపు పెడ్తం సారూ. గిది మా చేన్లదే."

నాకు ఒళ్లు పులకరించింది. నేను వంద పేజీల్లో చెప్పలేనిది ఈమె ఒక్క వేలితో చెప్పింది అనుకున్నాను. ఆమె భర్త కోసం ప్రార్థన చేసి పంపాను. పసుపు అలాగే ఉంచాను.

ఆదివారం మా సంఘపెద్ద అందరికంటే ముందు వచ్చాడు. ఆ గోడలు తన చేతులతో కట్టిన ముసలాయన. సిలువ దగ్గరికి వెళ్లి ఆ పసుపును వేలితో తాకి చూశాడు.

"పసుపు రాసిన గడపలు నాకు మస్తు ఎరుకే అయ్యగారూ," అన్నాడు. "మా నాయిన గా గడపల బయట నిలవడి దోసిలి పట్టిండు. అంటు తగలకుండ కూలి గింజలు పైకెల్లి పోసేటోళ్లు. గదంత ఇడిసిపెట్టి గీడికొచ్చినం. గీడ గూడ గదేనా?"

నా పరిశోధనలో ఆ గడపల గురించి ఒక్క వాక్యం కూడా లేదు. మన సంప్రదాయం అని అన్ని పేజీలు రాశాను, అది ఎవరిదో అడగలేదు. తడిగుడ్డ తెచ్చి నేనే తుడిచాను. టేకు మీద మరక మిగిలింది.

తర్వాతి శుక్రవారం ఆమె వచ్చి, ఆ చోటు చూసి, నా వైపు తిరిగింది.

"తుడిసిన్రా సారూ? నాతోని తప్పయిందా?"

"లేదమ్మా, నీ తప్పేం లేదు."

"మరి ఎందుకు తుడిసిన్రు?"

ఏం చెప్పను? ముసలాయన తండ్రి దోసిలి గురించి చెబితే ఆమెను నేరస్థురాలిని చేసినట్టు. చెప్పకపోతే అబద్ధం.

"మీ దేవునికి కోపమొచ్చిందా? మా ఆయనకు నయం కాదా?"

"దేవుడు గట్ల కోపం చేసుకోడమ్మా," అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఎనిమిది రోజులకు భర్త చనిపోయాడు. నేను వెళ్లాను. వాకిట్లోనే ఆమె మరిది నా చేయి పట్టుకుని ఆపాడు. మర్యాదగానే చెప్పాడు.

"వచ్చిన్రు, మంచిది సార్. ప్రార్థన మాత్రం వద్దు. మా పద్ధతి మాకున్నది."

ఆడవాళ్ల మధ్య కూర్చున్న ఆమె నన్ను ఒకసారి చూసి తల దించుకుంది. బైబిలు చంకలో పెట్టుకుని వీధిలోనే నిలబడి, పాడె కదిలాక వెనక్కి వచ్చాను.

సంగతి చెబితే సంఘపెద్ద బెంచీ మీద కూలబడ్డాడు.

"నేను గామెను అన్లేదు గద అయ్యగారూ," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నేనన్నది గూడ తప్పుగాదు. మీరు సదువుకున్నోళ్లు, ఏం జేసేదుండెనో మీరే చెప్పుండ్రి."

ఆయన పక్కనే కూర్చున్నాను.

ఆమె మళ్లీ రాలేదు. తర్వాత రెండుసార్లు బస్సెక్కి ఆమె ఊరి దాకా పోయాను. లోపలికి వెళ్లి ఏం మాట్లాడాలో తెలియక, రెండుసార్లూ తిరుగు బస్సు కోసం రోడ్డు మీదే నిలబడ్డాను.