ఊరకే నిలబడిన మనిషి

మా అక్క నోట్లో నాలుక లేని మనిషి. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒక తల్లి కడుపున ఇద్దరం ఎలా పుట్టామో ఆ దేవుడికే తెలియాలి.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట అక్క ఇస్త్రీ పని చేసేది. పొడవాటి హాలు, వరసగా బల్లలు, పొద్దస్తమానం ఆవిరి. ఒకప్పుడు బల్లకో స్టూలు ఉండేది. దిండు గలీబుల్లాంటివి కూర్చునే చేసుకునేవాళ్ళు. కొత్త మేనేజరు వచ్చీ రాగానే, కూర్చుంటే పని సాగదంటూ స్టూళ్ళన్నీ సామాన్ల కొట్లో పడేయించి తాళం వేశాడు. అక్కడి ఆడవాళ్ళు అతన్ని చాటుగా గడియారం అంటారు.

నిలబడి నిలబడి అక్క కాళ్ళు వాచిపోయాయి. చీలమండ పైన పుండు పడింది, ఎంతకీ మానదు. కూర్చుని పని చేసుకోకపోతే ఈ కాలు దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ మాటే గడియారానికి చెబితే, కూర్చునే పని ఇంట్లో చూసుకోమన్నాడట. నేను వెళ్ళి నాలుగు కడిగేసి వస్తానంటే అక్క వద్దంది. అతని నోటి ముందు మనమెంతలే అంది.

అక్కకు చదువు రాదు. సాయంత్రం కాలికి కట్టు మార్చాక నేనే బైబిలు చదివి వినిపించేదాన్ని. ఆ రోజు, ముందు సముద్రం, వెనక ఫరో రాజు రథాలు, మధ్యలో ఇశ్రాయేలు జనం చిక్కుకుపోయిన చోటు వచ్చింది. భయపడొద్దు, ఊరకే నిలుచుని చూడండి, మీ యుద్ధం దేవుడే చేస్తాడని వాళ్ళ నాయకుడు మోషే చెబుతాడు. అక్క కళ్ళు మూసుకుని విని, "ఊరకేనా?" అంది.

"అలాగే ఉంది," అని ఆవులించి పుస్తకం మూసేశాను. నేనూ పగలంతా కుట్టుమిషను తొక్కి వచ్చినదాన్నే మరి.

ఊరకే అన్నది పాత పుస్తకాల మాట. గాభరా పడకుండా, నెమ్మదిగా అని దానర్థం. మా ఇంట్లో ఊరికే ఉండటమంటే పనీపాటా లేకుండా ఉండటం. అక్క అలాగే తీసుకుంది.

మర్నాడు ఇస్త్రీపెట్టె ఆపేసి, చేతులు కట్టుకుని బల్ల ముందు నిలబడిందట. ఉలుకూ లేదు, పలుకూ లేదు. గడియారం వచ్చి గొంతు చించుకున్నా చీమ కుట్టినట్టయినా లేదు. పక్క బల్ల ఆవిడ ఏమనుకుందో ఏమో, తనూ ఆపేసింది. మధ్యాహ్నానికి హాల్లో ఒక్క పెట్టె కదలలేదు, తడి దుప్పట్లు గుట్టలు పడ్డాయి. పొద్దు గూకే వేళకు గడియారం అక్కను ఇక రావద్దన్నాడు.

వింటే నాకు తల తిరిగిపోయింది. ఊరకే అంటే అది కాదే అక్కా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"ఆయన చేస్తానన్నాక మధ్యలో మనం చెయ్యి పెట్టకూడదనుకున్నానే," అంది.

తర్వాత సంగతి పక్క బల్ల ఆవిడే ఇంటికొచ్చి చెప్పింది. మిగతావాళ్ళు మర్నాడు కూడా పని ముట్టలేదు. ఆసుపత్రి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. చివరికి యజమానే వచ్చి కొట్టు తాళం తీయించాడు. స్టూళ్ళు తిరిగొచ్చాయి. అక్కను మాత్రం తీసుకోరట. మొదలుపెట్టిన మనిషి మళ్ళీ ఏదో మొదలుపెడుతుందని భయం. ఆ మాట చెబుతూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఆవిడ గుమ్మం దాటగానే నాకు ఒళ్ళు మండిపోయింది. "చూశావా నీ దేవుడు చేసిన యుద్ధం? అందరికీ స్టూళ్ళిచ్చి నిన్ను బయటికి పంపాడు," అన్నాను.

అక్క మంచం మీద కాలు చాపుకుని గోడకు ఆనుకుంది. మాట్లాడే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. "నా ఒక్కదానికే ఇమ్మని అడగలేదే," అంది. కాలి కట్టు సర్దుకుంటూ, "చివరి బల్ల దగ్గర పిల్ల కడుపుతో ఉంది. కూర్చుందా, అడిగావా?"

నేను అడగలేదు. చెప్పులేసుకుని ఆవిడ వెనకే పరిగెత్తి, వీధి మలుపులో పట్టుకున్నాను. మొదటి స్టూలు ఆ పిల్లకే వేశారట. ఆ కబురు అక్కకు చెప్పడానికి తిరిగొస్తుంటే, ఇంకెవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు.