చపాతీలతో దిల్‌సుఖ్‌నగర్ దాకా

పదకొండేళ్ళు ఇంట్లో ఉన్నాక మళ్ళీ భూగోళం చెప్పే అవకాశం వచ్చి ఈ ప్రయాణం పెట్టుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్. పదిన్నరకు డెమో క్లాసు, పది నిమిషాలు. అంశం, అగ్నిపర్వతాలు ఎలా పుడతాయి. ఆ ఉద్యోగం నాకు చాలా కావాలి.

తొమ్మిదింటికి మీర్‌పేట్‌లో షేర్ ఆటో ఎక్కాను, ఇరవై రూపాయలు. ఎల్బీనగర్ మెట్రో తనిఖీలో సెక్యూరిటీ ఆయన నా డబ్బా తెరిపించాడు. లోపల రెండు చపాతీలు.

"టిఫినా మేడం?"

"భూమి పలకలండీ."

ఆయన మూత పెట్టి పంపేశాడు.

రైల్లో పక్కసీటు పెద్దావిడ తుర్కయంజాల్ నుంచి మలక్‌పేటలో కూతురింటికి బెల్లం తీసుకెళ్తోంది. నేను ఒళ్ళో డబ్బా పెట్టుకుని పాఠం వల్లె వేసుకోవడం చూసి, "ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అంది.

ఒక చపాతీని ఇంకోదాని కిందకి తోసి చూపించాను. సముద్రం అడుగున పలక ఇలా దిగుతుంది. దాంతోపాటు దిగిన నీళ్ళు లోతున వేడి రాతిలో చేరితే రాయి తక్కువ వేడికే కరుగుతుంది. కరిగింది తేలికై పైకొస్తే అగ్నిపర్వతం.

"గిది బెల్లం లెక్కనే గదా. ఉత్తగ పొయ్యి మీద పెడితే మాడుతది. జర నీళ్ళు జల్లితే కరుగుతది."

ఇన్నేళ్ళూ పాకం పట్టింది నేనే. నాకు తట్టలేదు.

క్లాసులో బెల్లమే చెప్పాను. నలభై మందీ రాసుకున్నారు. డైరెక్టరు గారు మా గుంటూరు వైపాయనే, పక్కకి పిలిచారు.

"బాగా చెప్పారండీ. కాకపోతే రాయి ఎందుకు కరుగుతుందంటే మన మెటీరియల్‌లో జవాబు 'రాపిడి వేడి' అనుంది. ఆ ఒక్క బిట్టూ అలాగే చెప్పేసి, సోమవారం నుంచి వచ్చేయండి."

"అది తప్పండీ."

"తప్పేనండీ. కానీ అచ్చయిపోయింది కదా."

సరేనందామనే నోరు తెరిచాను. "కుదరదండీ" అని వచ్చింది. ఆయన చాయ్ ఇప్పించి పంపారు. చాయ్ బాగుంది.

పన్నెండింటి రైలు దాదాపు ఖాళీగా ఉంది. చైతన్యపురి దాకా ఏడ్చాను. ఒక్క స్టేషనే. తర్వాత ఆకలేసి ఒక పలక తిన్నాను.

తలెత్తితే ఎదుట సీట్లో, ఇందాకటి క్లాసులో మొదటి బెంచీలో కూర్చున్న అమ్మాయి. "మేడం, పరీక్షల గా బిట్టుకు ఏం పెట్టాలె?"

"నీళ్ళు."

"బుక్కుల రాపిడి అనుంది."

"పెన్నుందా?"

ఆ అమ్మాయి మెటీరియల్ తీసి జవాబు కొట్టేసి, పైన 'నీళ్ళు' అని రాసుకుంది. మిగిలిన చపాతీ ఆమెకిచ్చాను.

ఉద్యోగం లేకుండానే ఎల్బీనగర్‌లో దిగాను. పదకొండేళ్ళ తర్వాత చెప్పిన పాఠం మాత్రం ఒక పుస్తకంలో అచ్చు మీద నిలబడింది.