లంకల పటం పోయిన ఏడు

మొన్న హబ్సిగూడలో మెట్రో కోసం నిలబడి ఉండగా మా మనవరాలు తన ఫోనులో తెల్లదొరల కాలం నాటి గోదావరి జిల్లా పటం తెరిచి, రెండు వేళ్లతో నదిని పెద్దది చేసి చూపించింది. ధవళేశ్వరం ఆనకట్ట, అక్కడ చీలిన కాలువలు, నది నడుమ ఆకుల్లా తేలే లంకలు కనబడగానే ఫోను నా చేతిలోకి తీసుకున్నాను. నా ఈడు వారికి చెప్పుకుంటే అర్థమవుతుంది, అలాంటి పటం విషయంలోనే నేనొకప్పుడు అబద్ధసాక్షినయ్యాను.

అరవైల చివర నల్గొండ వైపు పల్లె నుండి వచ్చి విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరాను. మా ఆచార్యులు నాకూ, గోదావరి నుండి వచ్చిన మరొక విద్యార్థికీ ఆ ఒక్క జిల్లానే పంచి ఇచ్చారు. ఆనకట్టకు ముందు కరువుకు ఖాళీ అయిన ఊళ్లు తరువాత వరి ఎలా పండించాయో, కాలువల మీద పడవలు ఆ ధాన్యాన్ని రేవుకు ఎలా చేర్చాయో నా వంతు. వరద తీశాక ఒండ్రు మీద పొగాకు పండే లంకలు అతని వంతు. అతనిది లంక ఊరే. నది ఈ ఒడ్డు కోసి ఆ ఒడ్డున మేట వేస్తుంది గనుక అక్కడ హద్దుల తగాదాలు తరాలపాటు నడుస్తాయని, తమదీ ఒకటి కోర్టులో ఉందని అతనే నవ్వుతూ చెప్పాడు. తార్నాకలో ఇద్దరిదీ ఒకే క్రైస్తవ సంఘం, ఆదివారం కూర్చునేదీ ఒకే చాప మీద.

అలా ఉండగా గ్రంథాలయంలోని పాత జిల్లా పుస్తకం నుండి లంకల పటం మాయమైంది. ఆ పుస్తకం మా ఇద్దరికి తప్ప ఎవరికీ ఇచ్చేవారు కాదు. వారంలో పటం దొరకకపోతే ఇద్దరిలో ఒకరు ఇంటికి పోవలసిందేనని ఆచార్యులు అన్నారు. క్యాంపస్‌లో పేరు కంటే ముందు ఏ ప్రాంతమని అడిగే రోజులవి. లంకల హద్దులకు ఆ పటమే సాక్ష్యం కదా అని నా మనసు నేరుగా అతని కోర్టు తగాదా మీదికి పోయింది. అతను సంచి మూసినా అనుమానమే, ఇంటికి ఉత్తరం రాసినా అనుమానమే. తార్నాక టీ హోటలాయన కూడా కనిపెట్టి, "ఏంది సార్, జోడెడ్ల లెక్క వచ్చెటోళ్లు, ఇప్పుడు ఒక్కలే వస్తున్రు? కొట్లాడుకున్నరా?" అని ఎకసెక్కమాడాడు.

ఆ ఆదివారం సంఘంలో ప్రభువు బల్ల, క్రీస్తును తలచుకొని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం. అప్పట్లో అందరికీ ఒకటే గిన్నె, చేతి నుండి చేతికి వచ్చేది. పాపం దాచుకొని తాగినవాడు తీర్పును తాగుతాడని చిన్నప్పటి నుండి విన్నవాణ్ణి, ప్రార్థనలో కళ్లు తెరిచే కూర్చున్నాను. గిన్నె అతని చేతికి వచ్చింది. తాగకుండా, తల వంచుకొని, నాకు అందించాడు. ఇంకేం సాక్ష్యం కావాలి అనుకున్నాను. నేను తాగాను.

సాయంత్రం ఆచార్యుల ఇంటికి వెళ్లి అతనే తీశాడన్నాను. "ఏమయ్యా, కళ్లారా చూశావా?" అని అడిగారాయన. నేను చూసింది గిన్నె దాటిపోవడమే. అయినా "చూశాను సార్" అన్నాను. మరునాడే అతను పెట్టె సర్దుకొని వెళ్లిపోయాడు.

క్రిస్మస్ దాటాక, కాలు విరిగి నెలల తరబడి ఊళ్లో ఉన్న గ్రంథాలయపు బైండింగు ఆయన పనిలోకి వచ్చి, పటాన్ని నా ముందు పరిచాడు. "మడతల కాడ చిరుగుతున్నదని బట్టకంటిచ్చిన సార్. అలమార్ల పెట్టి తాళమేసిన, చెప్పుడు మర్చిపోయిన."

ఆచార్యులు అతన్ని తిరిగి రమ్మన్నారు. ఆ మాట చేరవేయడానికి నేనే వెళ్లి, పడవలో లంకకు దాటాను. అతను ఆరబెట్టడానికి పొగాకు ఆకులు తోరణం కడుతున్నాడు. తప్పంతా ఒప్పుకున్నాక, ఆవేళ గిన్నె ఎందుకు దాటేశావని అడిగాను.

"నా మీద నీకేదో ఉందని తెలుస్తానే ఉంది కదరా. నీతో సమాధానపడకుండా ఎలా తాగను? ఆ సాయంత్రమే మాట్లాడదామని నీ గదికొచ్చాను. చీకటి పడేదాకా గుమ్మంలో కూచున్నాను. నువ్వు లేవు."

అన్నం పెట్టాడు, రేవు దాకా సాగనంపాడు, చదువుకు మాత్రం రానన్నాడు.

ఇప్పుడు మా సంఘంలో ఎవరి గిన్నె వారిదే, బొటనవేలంత గ్లాసులు. శుభ్రమైనదే, కాదనను. కానీ పక్కవాడు తాగాడో లేదో ఎవరూ చూడరు. తాగనివాడు ఎవరి గుమ్మంలో ఎదురుచూస్తున్నాడో అసలే తెలియదు.