సానరాయి మీద ఊరి పేరు

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. అయినా ఈ ఊళ్లో నేను చెక్కిన అక్షరం కంటబడకుండా ఎవరూ వీధి దాటలేరు. ఏటి వంతెన మీది శిలాఫలకం నాదే. ఆసుపత్రిదీ, కోర్టుదీ, మూడు బళ్లవీ నావే. యాభై రెండేళ్లలో ఒక్క తప్పు చెక్కలేదు. చెక్కానని ఎవరైనా అంటే, వచ్చి చూపించమనండి.

ఊరికి ఈ పేరెలా వచ్చిందో చెప్పే రాయి ఒకటి రేవు మెట్ల దగ్గర పెట్టాలని మున్సిపాలిటీ అనుకుంది. ఇంకెవరిని పిలుస్తారు? వేటకొచ్చిన రాజు ఇక్కడ విడిది చేసి, ఊరికి తన రాణి పేరు పెట్టాడని అందరూ చెప్పుకునే కథ. అదే రాసిచ్చారు.

కొత్త బండ పెట్టడానికి షెడ్డులో చోటు చాల్లేదు. మా తాత రేవు నుంచి మోసుకొచ్చిన సానరాయిని పెళ్లగించాం. దాని సగం ఎప్పుడూ మట్టిలోనే ఉండేది. మట్టి కడిగితే నాలుగు వరసల పాత అక్షరాలు! కూడబలుక్కుని చదివాను. వరదలో పడవ వేసి ఊరందరినీ గట్టెక్కించిన ఆడమనిషట. ఆమె పేరే ఈ చోటికి పెట్టుకున్నారట. రాణీ లేదు, రాజూ లేడు. ఆ పడవ మనిషి ఎవరి బిడ్డో, ఏ కాలమో చెప్పే పై సగం అద్దంలా నున్నగా ఉంది. మూడు తరాలుగా ఉలులు నూరింది అక్కడే.

మా ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని చూసింది. "ఊరందరి రాళ్లలో తప్పులు పడతారు మహానుభావులు. ఇంట్లో రాయిని మాత్రం అరగదీసి కూర్చున్నారు."

"నోరు ముయ్యవే" అన్నాను గానీ, ఆవిడన్నది నిజమే. చూపిస్తే మూడు తరాల పేరు మంటగలుస్తుంది. దాస్తే, తెలిసి తెలిసి అబద్ధం చెక్కాలి.

రెండు రోజులు ఉలి ముట్టలేదు. మూడో రోజు ఛైర్మన్‌ని పిలిపించి చూపించాను.

"పెద్దాయనా, మిగతా సగం ఏదీ?"

"మా ఉలులు తినేశాయి బాబూ."

ఆయన నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేకపోయాడు. చివరికి, "ఉన్నదే చెక్కండి" అన్నాడు.

ఉన్నదే చెక్కాను. దాని కింద, మిగతాది మా ఇంటి ఉలుల కింద అరిగిపోయిందని కూడా చెక్కాను. అది చెక్కమని ఎవరూ చెప్పలేదు.

రాయి నిలబెట్టిన రోజు చేపలమ్మే మనిషి బుట్ట దించి మొత్తం చదివింది.

"అరగదీసింది నువ్వేనా తాతా?"

"నేనూ, మా నాన్నా, మా తాతా" అన్నాను.