నాయినకు పెట్టిన కళ్ళు

మా నాయిన బొమ్మకు పంతులమ్మ కళ్ళు, ముక్కు పెట్టింది. నన్ను అడగలేదు.

తెలంగాణ ఇంకా రాని రోజులవి. గోదావరిఖనిలో మా కాలనీ హాల్లో ఆమె ఆక్రిలిక్ రంగులు నేర్పుతుంటే, రిటైరైన నేనూ పిల్లల పక్కన కూర్చున్నాను. తల ఒక చుక్క, ఒళ్ళు రెండు కుంచె దెబ్బలు, మొహం వద్దు, ఒంటి వంపే మాట్లాడాలని మొదటి రోజే చెప్పింది తనే. అక్షరాలు నాకు నేనే దిద్దుకున్నవాణ్ణి, దొరక్క దొరికిన గురువు మాట గట్టిగా పట్టుకుంటాను. అట్లాగే నాయినను వేశాను. బొమ్మలు గోడకు పెట్టిన పూట చూస్తే, గుండ్రటి కళ్ళతో ఎవరో పరాయివాడు. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు.

ఆ వాసన వెనక నాకు తడిబొగ్గు వాసన తగిలింది. చిన్నప్పుడు షిఫ్టు దిగే వేళకు, సైరన్ కూయకముందే, పిల్లలమంతా బాయి గేటు కాడికి ఉరికేవాళ్ళం. బొగ్గుగనిని మేం బాయి అనే అంటాం. ఎండాకాలం కాళ్ళు కాలి ఒంటికాలి మీద ఎగురుతూ, వానాకాలం గోనెసంచి కొప్పెర కప్పుకొని, నాయినల సద్దిడబ్బాల్లో మిగిలిన రొట్టెముక్క కోసం ఎదురుచూసేవాళ్ళం. బాయి లోపలికి పోయొచ్చిన ఆ జొన్నరొట్టె రుచి బతుకమ్మ సద్దులకు కూడా ఉండేది కాదు. పైకొచ్చినవాళ్ళంతా తల నుంచి కాళ్ళ దాకా ఒకటే నలుపు. నడకను బట్టే ఎవరి నాయినను వాళ్ళు పట్టుకోవాలి. ఓసారి మా డబ్బాలాంటి డబ్బా చూసి వేరే ఆయన వేలు పట్టుకొని సగం దారి నడిచాను. ఆయన పకపకా నవ్వి, తన రొట్టె నా చేతిలో పెట్టాడు.

"ఇయ్యాల్టికి నేనే నాయిన్ని తియ్! మీ నాయిన ఎన్కొస్తుండు. ఎడమ బుజం దించి నడుస్తడు, సూస్కోవద్దారా పోరడా?"

తట్టలు మోసి మోసి దిగిన ఆ భుజమే నేను వేసింది.

"నీ పాఠం నువ్వే మరిసినవా బిడ్డా?" అని పంతులమ్మను నిలదీశాను.

"సూసెటోళ్ళు మొహమేదని నవ్వుతరు కాకా."

"నవ్వనియ్యి! మా నాయిన గిట్ల కండ్లేసుకోని ఎన్నడు బాయిలకెల్లి రాలె."

గేటు కాడి సంగతంతా చెప్పాను. ఆ బాయి మూతపడింది, పిల్లలు నిలబడ్డ చోట ఇప్పుడు తుమ్మలు. ఆమె కూడా బాయి పనివాడి బిడ్డే. మరుసటి క్లాసులో నల్లరంగు డబ్బా, కుంచె నా ముందు పెట్టి చెప్పింది:

"మేం పుట్టేటాళ్ళకు బాయి కాడ నీళ్ళ నల్లాలొచ్చినయి కాకా. మా బాపు తానం జేసినంకనే ఇంటికొచ్చేటోడు. మొహమే సూసిన, నడక సూడలె. నువ్వే దిద్దు."